ఒకే కార్డు మీద మూడు బాయిలు

బాయిల్లోకి దిగిన నలభై ఒకటో ఏడు, వైశాఖ బహుళ ఏకాదశి, సోమవారం

ఈరోజు గాలి గది తలుపు తీయగానే మొదటి ఆశ్చర్యం: గాలి కంప్యూటర్‌కు చెమట పట్టి ఉంది. పైకప్పు బండ సందులోంచి ఊట దిగి, పెట్టె మీద బొట్లు బొట్లుగా కూర్చుంది. దాని వెనక మూడు నెట్‌వర్క్ కార్డులుంటాయి, మేం బతికే ఒక్కో గనికి, అంటే బాయికి, ఒకటి. రెండింటి లైట్లు ఆరిపోయాయి. మూడోది ఒక్కటే ఆకుపచ్చగా మిణుకుతోంది.

గాలి గదిలో పని నేర్చుకునే విద్యార్థి ఏ రోజు సంగతి ఆ రోజే రాయాలి, తన తర్వాత వచ్చేవాళ్లకు అర్థమయ్యేలా రాయాలి. ఇది భూలచ్చక్క పెట్టిన నియమం. గదికి పెద్ద ఆమె, నాకు పని నేర్పేదీ ఆమే. తడిసిన కార్డుల్ని ఊడదీసి, పచ్చని చిలుము పట్టిన వాటి కొసలు నాకు చూపించింది.

"సచ్చినయే పిల్లా. రెండూ సచ్చినయ్."

"ఇంకో జత లేదా అక్కా?"

"పై నుంచి సరుకు వానలు పడ్డంకనే గదా వచ్చేది. అప్పటిదాంక ఈ ఒక్కదాంతోనే ఎల్లదీయాలె."

ఎల్లదీయడం. ఎంత మంచి మాట! బతుకును రోజుకింత ముందుకు జరపడం అంతా అందులోనే ఉంది. కానీ మాటను మెచ్చుకునే తీరిక లేకపోయింది. ఎందుకంటే మూడు బాయిలకూ గాలి పంపే మూడు ఫ్యాన్లూ ఈ పెట్టె మాట తప్ప ఇంకెవరి మాటా వినవు. చేత్తో తిప్పే మీటలు ఒకప్పుడు ఉండేవట. నేను పుట్టకముందు గాలి కోసం బాయిల మధ్య తగాదా జరిగి, ఎవరి మీట దగ్గర వాళ్లు కత్తులతో కాపలా కూర్చున్నారట. బాయిలు ఏకమైన రోజున మీటలన్నీ పీకేశారు. ఇప్పుడు ఫ్యాను చివరిసారి విన్న వేగంతోనే తిరుగుతూ ఉంటుంది, కొత్త మాట వినేదాకా. కరెంటు కొద్దిగానే ఉంటుంది కాబట్టి అన్నింటినీ ఒకేసారి గట్టిగా తిప్పి వదిలేయలేం. పైన ఎండ ఎక్కినకొద్దీ ఒకదాన్ని పెంచాలి, ఒకదాన్ని తగ్గించాలి. రోజంతా అదే పని.

శుక్రవారం రోహిణి కార్తె మొదలవుతుంది. రోళ్లు పగిలే ఎండ అంటారు. మావాళ్లు ఆ ఎండకు తాళలేకే ఈ పాత గనుల్లోకి దిగారట. నేను రోలును చూశాను గాని, ఎండను చూడలేదు.

అక్క మూడు బాయిల తీగల్నీ నెట్‌వర్క్ తీగలు కలిపే ఒక స్విచ్‌లో గుచ్చి, ఆ స్విచ్ నుంచి ఒకే తీగ తెచ్చి బతికున్న కార్డుకు తగిలించింది. "ఒక్క కార్డుకు ఒక్క అడ్రసే ఉండాలని ఏం లేదు" అంది. నిజమే. మా ఇంట్లో నేను చిన్నిని. బడిలో స్వరూపను. జమున వదినకు ఆడిబిడ్డను. మనిషి ఒక్కతే, పిలుపులు మూడు. అలాగే ఈ కార్డుకు రెండో బాయి కోసం 10.2.0.1, ఐదో బాయి కోసం 10.5.0.1, పదో బాయి కోసం 10.10.0.1 ఇవ్వాలనుకున్నాం.

అడ్రస్ ఒక్కటీ ఇస్తే సరిపోదు, పక్కన నెట్‌మాస్క్ కూడా చెప్పాలి. ఎవరు మన ఇంటివాళ్లో, ఎవరు కారో కంప్యూటర్‌కు చెప్పేది అదే. 255.255.255.0 అంటే మొదటి మూడు అంకెలూ కలిసినవాళ్లే మనవాళ్లు. ఫ్యాన్ల పక్కనుండే కంట్రోలర్ డబ్బాల్లో ఆ మాస్కే ఉంది. అది తయారైననాడే పెట్టి సీలు వేశారు, మనం మార్చలేం.

మేం ఇది రాస్తుండగానే రాజేశం కాక వచ్చాడు. ఐక్య కమిటీకి పెద్ద ఆయన. గదిలోకి వస్తే ముందు చెప్పులు విడిచి, పెట్టెకు దండం పెట్టి, అప్పుడు మాట్లాడతాడు.

"ఏం రాస్తాన్నరు అండ్ల?"

"మూడు అడ్రసులు కాకా" అంది అక్క. "ఒక్కోదానికి ఒక్కో మాస్క్. రెండో బాయి ఇక్కడిదాంక, ఐదోది ఇక్కడిదాంక..."

"ఇక్కడిదాంక అంటే?"

అక్క ఆగిపోయింది. నాకూ అప్పుడే తట్టింది. మాకు గీత గీయడం తప్పు. ఏకమైనప్పటి ప్రమాణం అది. మా పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడితే గళ్లు గీయరు, గులకరాళ్లు పేర్చుకుంటారు. దర్జీ గుడ్డ మీద సుద్దతో గుర్తు పెట్టడు, మడత పెడతాడు. మా నోటుపుస్తకాలకు మార్జిన్ ఉండదు.

"పాత కార్డులకు గట్లనే ఉండె కాకా."

"పాతది ఎవడో పెట్టిండు, మనం చూడలే. ఇప్పుడు చూసుకుంట చూసుకుంట మన చేతులతోని హద్దు పెడ్తమా? మూడిట్లకు కలిపి ఒక్కటే పెట్టున్రి. పెద్దది."

పెద్దది కూడా ఉంది. 255.0.0.0. మొదటి అంకె కలిస్తే చాలు, అందరూ మనవాళ్లే. నాకు అది చాలా అందంగా అనిపించింది. మూడు అడ్రసులూ ఇచ్చి, మూడింటికీ ఆ పెద్ద మాస్కే పెట్టాం. రెండో బాయి ఫ్యానును పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని తీగ మీద పిలిస్తే, వెంటనే పలికింది. ఐదోది పలకలేదు. పదోది పలకలేదు.

ఫోన్ మోగింది. తిప్పి మాట్లాడే పాత ఫోన్ అది, దాని తీగ వేరు. పదో బాయి ఫ్యాను కాపలా జమున వదినదే. నెల నిండని బిడ్డను గుడ్డ ఉయ్యాలలో వేసుకుని అక్కడే కూర్చుంటుంది.

"ఏందే ఆడిబిడ్డా, మా ఫ్యాను మీద అలిగినవా? పొద్దటి సంది వేగం పెరుగుతలేదు."

"కార్డు పోయింది వదినా, చేస్తున్నాం. దీపం ఎలా ఉంది?"

"ఇప్పటికైతే మంచిగనే ఉంది. నీ మేనకోడలు దాన్నే గుడ్లప్పగిచ్చి చూస్తాంది."

పదో బాయి అన్నింటికన్నా లోతు. అక్కడ గాలి తగ్గితే ముందు చెప్పేది గాజు బుడ్డిలోని దీపమే. అది సన్నబడిందంటే మనుషులు కదలాలి. ఐదో బాయికి ఏటవాలు దారి గుండా కొంత గాలి దానంతటదే వస్తుంది కాబట్టి కొన్నాళ్లు తట్టుకుంటుంది. పదో బాయికి ఫ్యాను తప్ప దిక్కు లేదు.


వైశాఖ బహుళ ద్వాదశి, మంగళవారం

దీపం సన్నబడలేదు గాని నిన్నటికన్నా పొట్టిగా ఉందని వదిన చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. నవ్వు మధ్యలో ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"వదినా, నేను పింగ్ చేస్తా. డబ్బా మీద లైటు చూసి చెప్పు."

"మిణుకుమన్నది. మళ్ల మిణుకుమన్నది."

అంటే మా పిలుపు అక్కడి దాకా పోతోంది. అది వింటోంది. వినీ పలకడం లేదు.

భూలచ్చక్క తీగ మీద పోయే మాటల్ని ఒక్కొక్కటిగా తెర మీదికి తెప్పించింది. చాలాసేపు చూశాం. ముందు కనిపెట్టింది ఆమే. మేం ఏ బాయి ఫ్యానును పిలిచినా, పిలుస్తున్నది ఎవరు అనే చోట 10.2.0.1 అనే ఉంది. పదో బాయిని పిలిచినా అదే, ఐదోదాన్ని పిలిచినా అదే.

ఇప్పుడు అర్థమైంది. ఒక్కటే పెద్ద మాస్క్ పెట్టేసరికి కంప్యూటర్ మూడు బాయిల్నీ ఒకే ఇల్లు అనుకుంది. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు మూడు పేర్లెందుకని, ముందు ఇచ్చిన పేరు ఒక్కటే పట్టుకుని అన్ని గుమ్మాల దగ్గరికీ పోతోంది. పదో బాయి డబ్బాకు మాత్రం తన చిన్న మాస్కే తెలుసు. 10.2 అనేవాడు దానికి పరాయివాడు. పరాయివాడికి జవాబు ఏ దారిన పంపాలో దానికి ఎవరూ చెప్పలేదు. అందుకే విని ఊరుకుంటోంది.

"మూడు మాస్కులు పెడితే అయిపోతుంది కదా అక్కా?"

"అయిపోతది."

"మరి?"

అక్క తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "గాలి తగాదల రెండో బాయికీ పదో బాయికీ నడుమ గోడ కట్టిన్రు, ఎరికేనా? ఆ గోడ ఏడ కట్టాల్నో సుద్దతోని గీసింది రాజేశం కాకనే. అప్పుడాయన గంత పెద్దమనిషేం గాదు, ఇరువై ఏండ్ల పోరడు. గీయమన్నరు, గీసిండు. ఆ గోడకు గాలి అందక పదో బాయిల మనుషులు సచ్చిపోయిన్రు. గా మనిషి ముందల పోయి మూడు హద్దులు పెడ్తానంటే ఏమంటడు?"

కొంతసేపటికి అక్కకే ఒక ఉపాయం తోచింది. ముందున్న పేరే చెల్లుతుంటే, పదో బాయి పేరునే ముందుకు తెస్తే సరి. దాని ఫ్యానుకు వేగం చెప్పి, మళ్లీ రెండో బాయి పేరును ముందుకు తెచ్చుకోవచ్చు. కొత్త హద్దు ఉండదు, వరస మాత్రమే మారుతుంది. ముందున్న 10.2.0.1ను తీసేస్తే తర్వాతవి తామే ముందుకు జరుగుతాయని ఇద్దరం అనుకున్నాం.

నేను తీసేసి ఎంటర్ కొట్టాను.

మూడూ పోయాయి.

తెర మీద కార్డు పేరు ఉంది, దాని కింద ఒక్క అడ్రసూ లేదు. ఒకే మాస్క్ కింద ఉన్నప్పుడు వెనకవి రెండూ మొదటిదానికి వేలాడుతూ ఉంటాయట. కొక్కెం పీకితే దానికి తగిలించినవన్నీ పడ్డాయి. నా తర్వాత వచ్చేవారూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

"ఏడ్వకే, ముందు టైపు కొట్టు" అంది అక్క. నేను ఏడవడం లేదు. కళ్లద్దాలకు ఆవిరి పట్టింది, అంతే. మళ్లీ మూడూ ఇచ్చాను, ఈసారి పదో బాయిది ముందు పెట్టి, మాస్క్ పెద్దదే ఉంచి.

పింగ్ చేశాను. పదో బాయి పలికింది.

వేగం పెంచమని చెప్పాను. ఫోన్‌లోంచి ఫ్యాను రొద ముందు సన్నగా, తర్వాత పెద్దగా వినిపించింది. "అబ్బా, పానం లేసొచ్చింది" అంది వదిన. ఆ మాట ఇక్కడ రాసుకున్నాను. లేచి రావడానికి ప్రాణం ఎక్కడ కూర్చుని ఉంటుందో!


వైశాఖ బహుళ త్రయోదశి, బుధవారం

వంతులు పెట్టాం. మొదటి షిఫ్టులో కొంతసేపు రెండో బాయి పేరు ముందు, తర్వాత ఐదోది, తర్వాత పదోది. వంతు మారినప్పుడల్లా మూడు అడ్రసులూ తీసి మళ్లీ పెట్టాలి. ఆ కాస్సేపు పెట్టె ఎవరికీ కాకుండా ఉంటుంది. వంతు లేని బాయిలో ఫ్యాను ఆగిపోయినా మాకు తెలియదు, ఎందుకంటే దాని మాట మాకు వినిపించదు.

పొద్దున ఈ సంగతి మాకు ఇద్దరికే తెలుసు. రెండో షిఫ్టు సైరన్ మోగేసరికి అందరికీ తెలిసింది.

ముందు ఐదో బాయి నుంచి ఒకావిడ వచ్చి, చల్ల తెచ్చి ఇచ్చి, కాసేపు కూర్చుని, పోతూ పోతూ అడిగింది. "ఇప్పుడు ఎవల పేరు ముందలున్నది బిడ్డా?"

"రెండో బాయిది అత్తమ్మా."

"పొద్దుగాల కూడ గదే ఉండె గదా."

తర్వాత రెండో బాయి నుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఆసుపత్రి గది తమ బాయిలోనే ఉందని, రోగులు ఉన్నచోట వంతులేమిటని అడిగారు. అబద్ధం కాదు, ఆసుపత్రి అక్కడే ఉంది. వాళ్లు పోకముందే పదో బాయి వాళ్లు వచ్చారు. వాళ్లు అంత దూరం ఎక్కి వచ్చేసరికి రొప్పుతూ ఉన్నారు, కాబట్టి ఎక్కువ మాట్లాడలేదు. గోడకు ఆనుకుని నిలబడి తెర వైపు చూశారు.

"ఏం జూస్తరు? మీది అయిపోయింది గదా" అన్నాడు రెండో బాయి మనిషి.

"అయిపోయిందా, మీరు మింగిన్రా, అది జూస్తానం."

భూలచ్చక్క గట్టిగా అరిచి అందర్నీ బయటికి పంపింది. పంపితే బయట వరండాలో నిలబడ్డారు. మధ్యాహ్నం నేను నీళ్లకని బయటికి వచ్చి చూశాను. రెండో బాయి వాళ్లు నీళ్ల కుండ దగ్గర, ఐదో బాయి వాళ్లు మెట్ల దగ్గర, పదో బాయి వాళ్లు అవతలి గోడ దగ్గర ఉన్నారు. మధ్యలో జాగా ఖాళీగా ఉంది. ఎవరూ ఏ గీతా గీయలేదు. అయినా ఆ ఖాళీలోంచి నడిచి కుండ దాకా పోవడానికి నాకే భయం వేసింది. మూడు గుంపుల్లోనూ నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్లు ఉన్నారు.

రాజేశం కాక అప్పుడే వచ్చాడు. మెట్ల మీదే ఆగి, ఆ ఖాళీ జాగా వైపు చాలాసేపు చూశాడు. చెప్పులు విడవడం మరిచిపోయి లోపలికి వచ్చాడు.

"వంతులెందుకొచ్చినయ్?" అని అడిగాడు.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకే మాస్క్ కింద ముందున్న పేరే చెల్లుతుందని, కాబట్టి ఎప్పుడూ ఎవరో ఒకరు ముందుండాలని, మిగిలినవాళ్లు వెనకే ఉండాలని చెప్పాను.

"అందరం ఒక్కటే అన్నంక ముందు ఎనుక ఏంది?"

"నాకూ అదే అర్థం కాలేదు కాకా. కానీ పెట్టె అట్లాగే చేస్తోంది."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అందరూ వెళ్లిపోయేదాకా కూర్చునే ఉన్నాడు. శుక్రవారం సభ పిలుస్తానని, అప్పటిదాకా వంతులతోనే ఎల్లదీయమని చెప్పి వెళ్లాడు.


వైశాఖ బహుళ చతుర్దశి, గురువారం

ఇది రాయడానికి ఆలస్యమైంది.

పైన ఎండ ఈరోజే రోహిణిలా ఉందని బాయి మొగదల ఉండే కాపలావాళ్లు చెప్పారు. రెండో షిఫ్టు మొదట్లో రెండో బాయి వంతు. ఆసుపత్రిలో ఇద్దరికి ఉక్కపోతతో స్పృహ తప్పిందని, వంతు అయ్యేదాకా ఎవరూ పెట్టెను ముట్టుకోవద్దని ఆ బాయి వాళ్లు గుమ్మంలోనే నిలబడ్డారు. కాక కుర్చీలో ఉన్నాడు. ఫోన్ మోగింది.

"స్వరూపా." వదిన నన్ను పేరు పెట్టి పిలవదు. "దీపం సన్నబడ్డది."

"ఎంత?"

"గింజంత ఉన్నది. ఫ్యాను పొద్దటి వేగమే తిరుగుతాంది. బుజ్జిది పాలు పడ్తలేదే. నోరు తెరుస్తాంది, పడ్తలేదు."

"పైకి వచ్చెయ్ వదినా. అందరూ వచ్చెయ్యండి."

"ఇంతమందిమి వస్తే మీ గాలి మీకు చాలుతదా? ముసలోళ్లు ఎక్కుతరా అన్ని మెట్లు? నువ్వు ఫ్యాను సంగతి జూడు."

నేను గుమ్మం వైపు తిరిగాను. "పదో బాయిలో దీపం పోతోంది. వంతు ఇప్పుడే మార్చాలి."

"మా వంతు అయిపోలే" అన్నాడు ఒకాయన. ఆయన కూతురు ఆసుపత్రిలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది. "నువ్వు మార్చినంక మాది పెరగకపోతే? మా పిల్లకేమన్న అయితే నువ్వొస్తవా?"

వరండాలో పదో బాయి వాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో ఎవరినో తోశారు. కుండ పగిలిన చప్పుడు వినిపించింది.

అప్పుడు నాకు ఒకటే తోచింది. వంతు ఎవరిదైనా, ఈ గదిలో ఎవరో ఒకరి బిడ్డ వెనకే ఉంటుంది. వరస మార్చి లాభం లేదు. వరసే ఉండకూడదు.

"కాకా, మూడు మాస్కులు పెడతాను" అన్నాను. అడిగినట్టు అనలేదు, చెప్పినట్టే అన్నాను. ఆయన నా వైపు చూశాడు. ఔననలేదు, కాదనలేదు. భూలచ్చక్క తన కుర్చీని ఈడ్చుకుపోయి గుమ్మానికి అడ్డం వేసి కూర్చుంది. "పిల్ల పని చేసుకోనియ్యున్రి. నా మీదికెంచి పోయేటోడు ముందల రాండ్రి" అంది.

ముందున్న అడ్రస్ తీసేశాను. మూడూ పోయాయి. ఈసారి పోతాయని నాకు తెలుసు. గుమ్మంలోంచి తెర చూసినవాళ్లు "అయ్యో, అంత పాయె!" అని అరిచారు. కొత్తగా టైపు చేశాను. 10.10.0.1, మాస్క్ 255.255.255.0. తర్వాత 10.2.0.1, మాస్క్ అదే. ఒక చుక్క తప్పు పడితే వెనక్కి వచ్చి దిద్దాను. తర్వాత 10.5.0.1, మాస్క్ అదే. చూడటానికి మూడు వరసలు. ఒక్కో వరస తన ఇంటికి తానే పెద్ద. ఎవరికీ ఎవరూ వేలాడటం లేదు.

పదో బాయిని పింగ్ చేశాను. పలికింది. పిలిచిన పేరు చూశాను. 10.10.0.1. పదో బాయిని దాని సొంత పేరుతోనే పిలిచింది పెట్టె. వేగం పెంచమని చెప్పాను. వెంటనే, ఏదీ తీయకుండానే, రెండో బాయిని పింగ్ చేశాను. పలికింది. ఐదోది. పలికింది.

"మీది పోలేదు" అన్నాను గుమ్మంలో ఉన్నాయనతో. "చూడండి, ఐదోదాన్ని కాస్త తగ్గించి మీ ఫ్యాను వేగం కూడా పెంచుతున్నా. రెండూ ఒకేసారి."

ఆయన తెర వైపు చూశాడు. చదవడం రాదో, కళ్లలో నీళ్లకు కనిపించలేదో, "ఏదీ, మళ్ల చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన తన బాయికి పరుగెత్తాడు. గుమ్మం ఖాళీ అయింది.

ఫోన్‌లో చాలాసేపు ఏమీ లేదు. రొద మాత్రం పెరుగుతోంది. "వదినా, దీపం?" అని అడుగుతూనే ఉన్నాను. చివరికి వదిన కాదు, నా మేనకోడలు జవాబిచ్చింది, ఊరంతా వినేలా ఏడ్చి. దాని వెనక వదిన నవ్వుతూ, "ఇగో, లేసిందమ్మా దీపం. నీ మేనకోడలు కూడ లేసింది. ఇగ నువ్వే వచ్చి ఊకో బెట్టు" అంది.

అందరూ వెళ్లాక రాజేశం కాక కుర్చీని పెట్టె దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎన్ని హద్దులు పెట్టినవ్?"

"మూడు కాకా."

"ఈ మూడు ఉండంగ, నేనిక్కడ కూసొని పదో బాయిని పిలువచ్చునా?"

ఆయన వేలు పట్టి ఒక్కో అక్షరం చూపించాను. ఆయనే కొట్టాడు. 10.10.0.7, పదో బాయి ఫ్యాను డబ్బా. జవాబు వచ్చింది. మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది, వరస కింద వరస. ఆయన ఆపలేదు, నేనూ ఆపమనలేదు.

"గోడ కట్టినంక మా తమ్ముడు అవతలనే ఉండిపోయిండు" అన్నాడు కొంతసేపటికి. "పదో బాయికి ఇల్లరికం పోయిండు. గోడకు నోరు పెట్టి పిలిచిన. నేను పిలిచింది ఆడికి వినొచ్చిందో లేదో నాకిప్పటికీ ఎరుకలేదు. జవాబైతే రాలే."

ఎన్నో మాటలు పోగుచేసుకున్నాను గాని ఆ వేళకు ఒక్కటీ పనికి రాలేదు. ఆయన చెయ్యి కీబోర్డు మీదే ఉంది.

"రేపు సభల నువ్వే చెప్పాలె బిడ్డా. రిపేరు చేసినం అని చెప్పి తప్పిచ్చుకోకు. హద్దు పెట్టిన అనే చెప్పు. తీసెయ్యమంటరు కొందరు. నా ఓటు ఎటో నాకే ఇంకా ఎరుకలేదు, అబద్ధమెందుకు."

"తీసెయ్యమని సభ అంటే?"

"నువ్వేం జేస్తవ్?"

"నా చేత్తో తీయను కాకా. తీసేటట్టయితే ఎవరి పేరు ముందు పెట్టాలో సభే చెప్పాలని అడుగుతా. ఎవరిని వెనక పెడుతున్నారో వాళ్ల మొహం చూసి చెప్పమంటా."

ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. పోయేటప్పుడు పెట్టెకు దండం పెట్టాడు.

భూలచ్చక్క పైకప్పు సందులో జిగురుమట్టి కూరి, పెట్టె మీద రేకు కప్పింది. కార్డు ఇదొక్కటే. దానికి చెమట పడితే సభా ఉండదు, ఓటూ ఉండదు.

రేపటి పని రాసుకుంటున్నాను. మొదటి సైరన్‌కు ముందే లేవాలి. సభ పొద్దున్నే ఉంది కాబట్టి దానికన్నా ముందే గాలి గదికి వెళ్లి కరెంటు ఓర్చినంత మేర మూడు ఫ్యాన్లకూ రోహిణి వేగం చెప్పాలి. ఆ తర్వాత ఎవరు ఏం తీర్మానించినా మధ్యాహ్నం దాకా గాలికి లోటుండదు. అప్పుడు బాయికొకరిని లోపలికి పిలిచి, ఈ కుర్చీలో కూర్చోబెట్టి, పక్క బాయి ఫ్యానును పిలిపించాలి. ఆసుపత్రిలో కూతురున్న ఆయన పదో బాయిని పిలవాలి. జమున వదిన రెండో బాయిని పిలవాలి. జవాబు వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి. తర్వాత నేను లేచి నిలబడి చెప్పాలి.

పొద్దున ముందు ఏ ఫ్యానును పలకరించాలా అని ఇప్పటిదాకా ఆలోచిస్తూ కూర్చున్నాను. ఏదైనా ఒకటే. చేతికి ఏది అందితే దానితో మొదలుపెడతాను.